స్క్రూడ్రైవర్ నుంచి సంతకం దాకా

ఇల్లు కట్టే చోట స్లాబ్ వేసే రోజంటే పండగే. తెల్లారకముందే కాంక్రీట్ కలిపే మిల్లర్ దిగుతుంది, కూలీలు తట్టలతో వరస కడతారు, ఇంటావిడ కొబ్బరికాయ పట్టుకుని నిలబడుతుంది. ఆ హడావుడిలో ఎలక్ట్రీషియన్ పెద్దగా కనపడడు. అతని పని ముందురోజు సాయంత్రానికే అయిపోయి ఉండాలి. ఇనుము కట్టడం పూర్తయ్యాక కాంక్రీట్ పడేలోపు దొరికే ఒకటి రెండు పూటల్లోనే ఫ్యాన్ బాక్సులు పెట్టాలి, పైపులను బైండింగ్ వైరుతో ఇనుముకు బిగించాలి, సిమెంటు పాలు లోపలికి దిగకుండా బాక్సుల మూతులు కుక్కాలి. వెనకగది ఫ్యాన్ బాక్సు ఒకటి మర్చిపోయారనుకుందాం. సెంట్రింగ్ విప్పేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలిశాక స్లాబ్‌ను కింద నుంచి మిషన్‌తో తొలవాలి, లేదంటే పైపు గోడ మీద కనపడేలా ఈడ్చుకురావాలి. అప్పుడు ఇంటి యజమాని "ఎవరు కట్టారు?" అని అడగడు. "ఎవరు చూసుకున్నారు?" అని అడుగుతాడు.

కట్టినవాడికీ చూసుకున్నవాడికీ మధ్య ఉన్న దూరం చిన్నదిగానే కనపడుతుంది. ఒకే సైటు, ఒకే పైపులు, ఒకే కరెంటు. అయినా మన దగ్గర ఎలక్ట్రీషియన్లలో చాలామంది పాతికేళ్లు పనిచేసి కూడా ఆ దూరం దాటలేరు. చేతి నైపుణ్యం తక్కువై కాదు. మంచి పనివాడిగా ఇంకో పదేళ్లు చేస్తే సూపర్‌వైజర్ అవుతామనే లెక్కే తప్పు. పై మెట్టు మీద అమ్ముకునే సరుకు వేరు. కింద చేతులకు డబ్బిస్తారు, పైన బాధ్యతకు, అంటే సంతకానికి ఇస్తారు.

ఆ సంతకం అనేది మాటవరసకు అంటున్నది కాదు, చట్టంలో ఉన్నదే. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల కాలం నుంచీ ఈ నియమం నడుస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో కొత్తగా రాసిన భద్రతా నిబంధనల్లోనూ అది కొనసాగింది. దాని సారం ఇది: బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నవాటి చోట మళ్లీ పెట్టడం తప్ప, మిగతా వైరింగ్ పని ఏదైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. దాన్ని సామర్థ్య ధ్రువపత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. చేసేవాడి దగ్గర వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. అంటే మూడు కాగితాలు, మూడు మెట్లు. తెలుగు రాష్ట్రాల్లో ఇవి చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కింద నడిచే వ్యవస్థ నుంచి వస్తాయి. చాలామంది ఎలక్ట్రీషియన్లకు ఆ ఆఫీసు ఏ వీధిలో ఉందో కూడా తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. పని నేర్చుకునే దారులు మన దగ్గర రెండు. ఒకటి ఐటీఐ దారి: పదో తరగతి తర్వాత ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, చివర అఖిల భారత ట్రేడ్ పరీక్ష, ఆపైన 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదో ఒక ఫ్యాక్టరీలోనో విద్యుత్ సంస్థలోనో శిక్షణ. రెండోది మేస్త్రీ దారి: బడి మానేసిన కుర్రాడు బాబాయి వెంటో ఊరి మేస్త్రీ వెంటో వెళ్తాడు. మొదట గోడలకు గాడులు కొడతాడు, తర్వాత పైపుల్లో వైరు లాగుతాడు, మూడో ఏటికి బోర్డులు బిగిస్తాడు, అయిదో ఏటికి సొంతంగా ఇల్లు ఒప్పుకుంటాడు. ఈ దారిలో వచ్చినవాడు కొన్నిసార్లు ఐటీఐ కుర్రాడి కంటే చకచకా పనిచేస్తాడు. కానీ అతని దగ్గర అయిదేళ్ల అనుభవం ఉందని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. అనుభవం చూపించకపోతే పర్మిట్ కష్టం, పర్మిట్ లేనిదే సూపర్‌వైజర్ పరీక్ష మాట ఎత్తలేడు. కాబట్టి పేరుకు కాంట్రాక్టు పని చేస్తున్నా, లెక్కల్లో అతను ఎప్పటికీ కూలీయే.

దీని నుంచి పుట్టిందే అద్దె సంతకం. కొత్త కనెక్షన్‌కు వైరింగ్ పూర్తయిందనీ పరీక్షించామనీ లైసెన్సుదారు రాసిచ్చే నివేదిక కావాలి. పనిచేసిన మేస్త్రీకి లైసెన్సు లేదు. లైసెన్సు ఉన్నాయన ఆ ఇల్లు చూడలేదు. కొంత డబ్బు చేతులు మారుతుంది, నివేదిక మీద స్టాంపు పడుతుంది. ఆ నివేదికలో ఇన్సులేషన్ రెసిస్టెన్స్, అంటే వైరు తొడుగు కరెంటును ఎంత గట్టిగా ఆపుతుందో, రాయాల్సిన గడి ఒకటి ఉంటుంది. దాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో నిమిషం పాటు పరీక్షిస్తే కనీసం 1 మెగా ఓమ్ రావాలని నియమం. మెగ్గర్ పెట్టెలోంచి బయటికి తీయకుండానే ఆ గడి నిండిన ఇళ్లు ఎన్నో లెక్క తేలదు. ఇక్కడ గమనించాల్సింది నీతి కంటే డబ్బు. ఇల్లంతా వైరు లాగినవాడు వదులుకుంటున్న వాటా ఆ స్టాంపు ఖరీదు. ఏడాదికి పది ఇళ్లు చేసేవాడు పదిసార్లు దాన్ని వదులుకుంటున్నాడు. పరీక్షకు కూర్చుని ఆ కాగితం తెచ్చుకుంటే మొదటి ఏడాదిలోనే తేడా కనపడుతుంది.

స్తంభం మీద నేర్పే పాఠం

అజమాయిషీ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే మేనేజ్‌మెంట్ కాలేజీకి వెళ్లనక్కర్లేదు. ఏదైనా 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఎల్‌సీ పుస్తకం చూస్తే చాలు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి. డిస్కంలలో, అంటే విద్యుత్ పంపిణీ సంస్థల్లో, ఈ మాట వినని మనిషి ఉండడు.

పొలం దగ్గర 11 కేవీ లైనులో రెండు తీగలను కలిపే జంపర్ తెగిందనుకోండి. లైన్‌మన్ అక్కడికి వెళ్లి సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాడు. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైను), ఏ పని, ఎంతసేపు, వెంట ఎవరున్నారు అన్నీ చెప్తాడు. ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఐసోలేటర్ విప్పి, పుస్తకంలో టైము రాసుకుని ఎల్‌సీ నంబరు ఇస్తాడు. లైన్‌మన్ ఆ నంబరు తన దగ్గరా రాసుకుంటాడు. అక్కడితో స్తంభం ఎక్కెయ్యకూడదు. పనిచేసే చోట లైనును విడదీసే ఏబీ స్విచ్ తీయాలి, లైనులో కరెంటు లేదని టెస్టర్‌తో చూడాలి, డిశ్చార్జ్ రాడ్‌తో మూడు ఫేజులనూ ఎర్త్ చేయాలి, అంటే భూమికి కలపాలి. పనికి రెండు వైపులా ఎర్త్ చేయడం పద్ధతి, ఎందుకంటే కరెంటు ఎప్పుడూ సబ్‌స్టేషన్ వైపు నుంచే వస్తుందని నమ్మకం లేదు. ఏ ఫంక్షన్ హాల్లోనో లైనును వేరుచేసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ పెట్టి ఉంటారు. ఆ కరెంటు ఇంటి వైరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి ఎక్కి 11 వేల వోల్టులుగా మారుతుంది. లైన్‌మన్లు దీన్ని రిటర్న్ సప్లై అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ల గొంతు తగ్గుతుంది.

పని అయిపోయాక ఉన్న నియమం ఇంకా ముఖ్యం. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే వాపసు ఇవ్వాలి. పక్క ఊరి లైన్‌మన్ చెప్పినా, చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చెప్పినా సరే, ఆపరేటర్ సప్లై ఇవ్వకూడదు. అదే ఫీడర్ మీద ఇద్దరు వేర్వేరు చోట్ల పని చేస్తుంటే రెండు ఎల్‌సీలు ఉండాలి, రెండూ వాపసు రావాలి. ప్రమాదాల కథలు వింటే చాలావాటిలో ఇక్కడే గొలుసు తెగి ఉంటుంది. "అన్నా, మనోళ్లు దిగారంట, ఇచ్చెయ్" అన్న ఒక్క ఫోనుతో.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం మన దేశంలో కరెంటు షాక్‌తో ఇటీవలి ఏళ్లలో ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారు. వాళ్లందరూ విద్యుత్ సిబ్బంది కారు, రైతులూ ఇళ్లలో ఉన్నవాళ్లూ ఎక్కువే. కానీ సిబ్బంది చనిపోయినప్పుడు 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద విచారణ ఉంటుంది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి మొదట అడిగేది ఆ పుస్తకాన్నే. ఏ టైముకు ఇచ్చారు, ఎవరి పేరున ఇచ్చారు, ఎవరు వాపసు చేశారు అని చూస్తాడు.

స్తంభం మీద ఉన్నవాడి ప్రాణం కింద ఉన్నవాడి రాతలో ఉంటుంది. ఈ ఒక్క అలవాటు ఒంటబట్టినవాడికి మిగతా అజమాయిషీ అంతా తేలిక. పనిని మాటగా కాకుండా రాతగా అప్పగించడం, అప్పగించినవాడి నుంచే తిరిగి తీసుకోవడం, మధ్యలో మొహమాటానికి చోటివ్వకపోవడం. ఏ కంపెనీలోనైనా పెద్ద మేనేజర్లు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో చేయించుకునేది ఇదే.

డిస్కంలో నిచ్చెన కాగితం మీద చక్కగా ఉంటుంది. జూనియర్ లైన్‌మన్, అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్. ఇంకో వైపు డిప్లొమాతో వచ్చే సబ్ ఇంజినీర్, బీటెక్‌తో వచ్చే ఏఈ, ఆపైన ఏడీఈ, డీఈ, ఎస్‌ఈ. రెండు నిచ్చెనలూ ఒకే గోడకు ఆనించి ఉన్నా, మొదటి దాని మీంచి రెండో దాని మీదికి దూకడానికి చదువు కావాలి. లైన్ ఇన్‌స్పెక్టర్ దగ్గరే రిటైరయ్యేవాళ్లు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో గ్రేడ్-2 జూనియర్ లైన్‌మన్లను తీసుకున్నారు. తెలంగాణలో ఏళ్ల తరబడి కాంట్రాక్టులో పనిచేసినవాళ్లను ఆర్టిజన్ల పేరుతో సంస్థల్లోకి తీసుకున్నారు. ఈ రెండు గుంపుల్లోనూ వినపడే ప్రశ్న ఒకటే: తర్వాతి మెట్టు ఏది? నిచ్చెన అడుగున కొత్త మెట్లు కలపడం తేలిక, పైకి దారి తీయడమే కష్టం.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలంగాణలో 2019 జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌లో మహిళలకు చోటు లేకపోతే కొందరు యువతులు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆదేశాలతో పరీక్ష రాసి, స్తంభం ఎక్కే పరీక్షలోనూ నెగ్గి ఉద్యోగాల్లో చేరారు. ఆడవాళ్లు స్తంభం ఎక్కలేరన్న వాదన ఆ రోజుతో పోయింది. సైటు సూపర్‌వైజర్లలో ఆడవాళ్లు ఎందుకు కనపడరన్న ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

మంచి పనివాడు ఎందుకు తడబడతాడు

ప్రైవేటులో పరిస్థితి వేరు. అక్కడ పైకి రావడానికి రూల్స్ తక్కువ, కానీ పడిపోవడమూ తేలికే. ఒక కాంట్రాక్టరు తన ముఠాలో అందరికంటే బాగా పనిచేసేవాడిని పిలిచి "రేపటి నుంచి నువ్వు చూసుకో" అంటాడు. మూడు నెలల తర్వాత మంచి పనివాడూ పోతాడు, సూపర్‌వైజరూ దొరకడు.

కారణం సైటులోనే కనపడుతుంది. హెల్పర్ డిస్ట్రిబ్యూషన్ బాక్సు కట్టడానికి గంటన్నర తీసుకుంటున్నాడు. కొత్త సూపర్‌వైజర్ పది నిమిషాలు చూస్తాడు, పన్నెండో నిమిషానికి చెయ్యి దురద పెడుతుంది. "ఇటివ్వరా" అని కటింగ్ ప్లేయర్ లాక్కుని అరగంటలో తానే కట్టేస్తాడు. తనకు గర్వంగా ఉంటుంది. ఆ అరగంటలో మూడో అంతస్తులో ఇంకో కుర్రాడు ఏసీ పాయింటుకు 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగాల్సిన చోట 2.5 లాగేశాడు. అది చూడాల్సిన మనిషి కింద బాక్సు కడుతున్నాడు.

రెండో చిక్కు పలకరింపులో ఉంటుంది. నిన్నటిదాకా "అన్నా" అని పిలిచిన సీనియర్‌కు ఈరోజు పని చెప్పాలి. అతను తనకంటే వయసులో పెద్ద, పని నేర్పింది కూడా అతనే. తప్పు చేస్తే ఎలా చెప్పాలి? చాలామంది కొత్త సూపర్‌వైజర్లు ఇక్కడ రెండు అంచుల్లో ఏదో ఒకదానికి పోతారు. అయితే నోరెత్తరు, లేదంటే అందరి ముందూ అరుస్తారు. మేస్త్రీల్లో తలపండినవాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. తప్పు చూసినా అక్కడ ఏమీ అనరు. టీ టైములో పక్కకు పిలిచి, "అన్నా, ఆ పై అంతస్తు న్యూట్రల్ ఒకసారి మనిద్దరం చూద్దామా" అంటారు. తప్పును మనిషికి కాకుండా న్యూట్రల్‌కు అంటగడతారు. ఇది మెతకదనం కాదు. త్రీఫేజ్ ఇంట్లో మెయిన్ న్యూట్రల్ వదులైతే లోడ్ తక్కువున్న ఫేజు మీద వోల్టేజ్ మూడొందలు దాటి, టీవీలూ ఫ్రిజ్‌లూ ఒకేసారి పోతాయి. ఆ వదులు జాయింటు ఎక్కడుందో దాచకుండా చెప్పే మనిషి కావాలంటే, చెప్పినందుకు అతని పరువు పోకూడదు.

మూడోది లెక్క. ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గు చోటుకు ఇంత అని పాయింటు రేటుకు పని ఒప్పుకునే మేస్త్రీకి పని వచ్చు, పాయింటు అంటే ఏమిటో రాసుకోవడం రాదు. మెట్ల దగ్గర పైనా కిందా ఉండే టూ-వే స్విచ్చు ఒక పాయింటా, రెండా? 16 ఆంపియర్ల ప్లగ్గు మామూలు పాయింటు రేటేనా? గాడులు కొట్టాక పూడ్చేది తాపీ మేస్త్రీయా, ఎలక్ట్రీషియనా? కొట్టిన చెత్త ఎవరు ఎత్తాలి? ఇవన్నీ ముందే ఒక కాగితం మీద ఉంటే గొడవ లేదు. లేకపోతే గృహప్రవేశానికి వారం ముందు ఇంటాయన డబ్బు బిగబడతాడు, మేస్త్రీ పని ఆపుతాడు, ఇద్దరికీ టెన్షన్. వైరు సంగతీ అంతే. కాయిల్‌కు 90 మీటర్లుంటుంది. బోర్డుకూ బోర్డుకూ మధ్య కొలిచి, కాయిల్‌ను ఎలా పంచాలో ముందే గీసుకున్నవాడికి తుక్కు చేతికి పట్టినంత మిగులుతుంది. చేతికొచ్చినట్టు లాగినవాడికి బస్తా మిగులుతుంది. ఆ బస్తాలో ఉన్నది కాంట్రాక్టరు లాభం.

బిల్లు చదవడం వచ్చినవాడు

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు అద్దాల భవనాలు పెరిగాక ఎలక్ట్రీషియన్లకు ఇంకో దారి తెరుచుకుంది: ఫెసిలిటీ మేనేజ్‌మెంట్. అక్కడ చేరినవాణ్ణి ఎలక్ట్రీషియన్ అనరు, ఎంఎస్‌టీ అంటారు. అంటే అన్ని పనులూ చేసే టెక్నీషియన్. తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జి, టెక్నికల్ సూపర్‌వైజర్, అసిస్టెంట్ ఫెసిలిటీ మేనేజర్. ఐటీఐతో మొదలుపెట్టి ఈ వరసలో మధ్యదాకా వచ్చినవాళ్లు చాలామందే కనపడతారు. గోడలకు గాడులు కొట్టే పనిలో ఇంత వేగంగా ఎదగలేరు.

ఎందుకంటే అక్కడ రాత తప్పించుకోలేరు. గంటగంటకూ రీడింగ్ రాయాలి: బయటి నుంచి వచ్చే లైను (ఇన్‌కమర్) వోల్టేజ్, మూడు ఫేజుల కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి, యూపీఎస్ బ్యాటరీ, జనరేటర్‌లో డీజిల్. చాలామంది కుర్రాళ్లు అర్ధరాత్రి షిఫ్టులో అయిదు గంటల రీడింగులూ ఒకేసారి రాసేస్తారు, అంకెలు అటూ ఇటూ కొద్దిగా మారుస్తూ. అది చూసి పసిగట్టేవాడు సూపర్‌వైజర్. కొంచెం ఇబ్బందిగా అనిపించినా ఒప్పుకోవాల్సిన మాట: దొంగ రీడింగ్ పట్టుకోగలిగేది ఒకప్పుడు దొంగ రీడింగ్ రాసినవాడే.

అసలు మలుపు కరెంటు బిల్లు దగ్గర వస్తుంది. ఇంటి బిల్లు వేరు, పెద్ద భవనాలకు ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్లు వేరు. హెచ్‌టీలో వాడిన యూనిట్లతో పాటు డిమాండ్‌కు, అంటే ఒక సమయంలో లైను నుంచి లాగే లోడ్‌కు కూడా డబ్బు కట్టాలి. దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. భవనం విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండ్‌ను సీఎండీ అంటారు. మన రాష్ట్రాల్లో నెలలో నిజంగా నమోదైన గరిష్ఠ డిమాండ్ గానీ, సీఎండీలో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 100 కేవీఏకు ఒప్పుకుని 60 వాడినా 80కి కట్టాల్సిందే. ఒప్పుకున్నది దాటితే జరిమానా.

ఇందులో పవర్ ఫ్యాక్టర్, అంటే లాగినదాంట్లో నిజంగా పనికొచ్చే వాటా, ఎక్కడ వస్తుందో చూడండి. 80 కిలోవాట్ల లోడ్ పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే మీటరు మీద 100 కేవీఏ. అదే 0.98 ఉంటే 82 కేవీఏ లోపే. యంత్రాలు అవే, పని అదే. మధ్యలో ఉన్న తేడా పవర్ ఫ్యాక్టర్‌ను పెంచే కెపాసిటర్ ప్యానెల్‌లో రెండు కెపాసిటర్లు పనిచేస్తున్నాయా, చచ్చాయా అన్నది. ఎలక్ట్రీషియన్‌కు కెపాసిటర్ ఉబ్బిందో లేదో చూడగానే తెలుస్తుంది. అతను దాన్ని "సార్, కెపాసిటర్ పోయింది, కొత్తది కావాలి" అని చెప్తే మేనేజరు వచ్చే నెల చూద్దామంటాడు. "ఈ కెపాసిటర్ పోయిన నెల నుంచి మన డిమాండ్ ఇంత పెరిగింది, బిల్లు ఇంత పెరిగింది, కొత్తదాని ధర ఇంత" అని చెప్తే సంతకం ఆ రోజే పడుతుంది. అదే కెపాసిటర్ గురించి అదే మనిషి చెప్పినా రెండోసారి మాట్లాడింది రూపాయల భాష. యజమానికి అర్థమయ్యేది ఆ భాషే. ఆ భాష వచ్చాక ఎంఎస్‌టీగా ఎక్కువకాలం ఉంచరు. రైస్ మిల్లుల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో పాతకాలపు హెడ్ ఎలక్ట్రీషియన్లకు ఉండే మర్యాద వెనక రహస్యమూ ఇదే.

గల్ఫ్‌లో వీసా మీది హోదా

ఉత్తర తెలంగాణ, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఎలక్ట్రీషియన్ల కథలో ఇదే సూత్రం ఇంకా కరకుగా ఉంటుంది. అక్కడ వీసా మీద రాసిన హోదాయే మనిషి. పదేళ్ల అనుభవం ఉన్నవాడు తొందరపడి హెల్పర్ వీసా మీద వెళ్తే, రోజూ ప్యానెల్ బోర్డులు కట్టినా జీతం హెల్పర్‌దే. ఐటీఐ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించుకుని, ఎలక్ట్రీషియన్ వీసాతో వెళ్లినవాడు మొదటి రోజు నుంచే వేరే వరసలో ఉంటాడు. పది పాసైతే పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మెలిక కూడా ఉండదు. సౌదీ అయితే కొన్ని వృత్తులకు వెళ్లే ముందే ఇక్కడ నైపుణ్య పరీక్ష పెడుతోంది, అందులో ఎలక్ట్రీషియన్ ఒకటి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నది ఈ దారి చూపించడానికే. అయినా ఏజెంటు మాట మీద వెళ్లేవాళ్లే ఎక్కువ.

అక్కడ ఎలక్ట్రీషియన్ పైన చార్జ్‌హ్యాండ్, ఆపైన ఫోర్‌మన్, సూపర్‌వైజర్. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఆ తేడా వారంలో అలవాటవుతుంది. అలవాటు కానిది పొద్దున్నే జరిగే టూల్‌బాక్స్ మీటింగ్. పదిహేను మంది ముందు నిలబడి ఈరోజు పనేమిటి, ప్రమాదం ఎక్కడుంది, ఏ బ్రేకర్‌కు ఎవరి తాళం పడింది అని అయిదు నిమిషాలు చెప్పాలి. మనవాళ్లలో చాలామంది ఈ అయిదు నిమిషాలకు భయపడే చార్జ్‌హ్యాండ్ అవకాశం పక్కవాడికి వదిలేస్తారు. నిజానికి అక్కడ మాట్లాడాల్సింది గొప్ప ఇంగ్లీషు కాదు. హిందీ, ఇంగ్లీషు, కొంచెం అరబ్బీ కలగలిపిన క్యాంపు భాష. బ్రేకర్‌కు తన తాళం తానే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, పని అయ్యాక తానే తీయడం అనే పద్ధతి కూడా మన ఎల్‌సీకి తమ్ముడే. డిస్కంలో కాంట్రాక్టు పనిచేసి వెళ్లినవాళ్లు దీన్ని చూసి "ఓ, ఇదా" అనుకుంటారు.

వెనక్కి వచ్చాక ఏం జరుగుతుందన్నది ఎవరూ పట్టించుకోని భాగం. అక్కడ ఫోర్‌మన్‌గా నలభై మందిని నడిపినవాడు ఊరికొచ్చి మళ్లీ పాయింటు రేటుకు ఇళ్లు ఒప్పుకుంటాడు. అక్కడి అనుభవ పత్రం ఇక్కడ సూపర్‌వైజర్ ధ్రువపత్రంగా దానంతటదే మారదు కదా.

ఇరవై దాటినవాడికి చదువు దారి

చదువు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దారి స్పష్టంగానే ఉంది, నడిచేవాళ్లే తక్కువ. ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జ్ కోర్సు, ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పద్దెనిమిదేళ్లకు ఐటీఐ పూర్తి చేసిన కుర్రాడు పెళ్లి వయసు వచ్చేసరికి ఇంజినీరు కావచ్చన్నమాట. ఆచరణలో అడ్డం వచ్చేది ఇంటి ఖర్చు, రోజు కూలీ. ఇన్నేళ్ల చదువంటే అన్నేళ్ల సంపాదన వదులుకోవడమే. అందుకే ఇరవై అయిదు దాటినవాళ్లకు డిగ్రీ కంటే పర్మిట్, సూపర్‌వైజర్ ధ్రువపత్రం, ఆపైన చిన్న గ్రేడు కాంట్రాక్టు లైసెన్సు అన్న వరసే నయం. రోజు పని మానకుండా నడవగలిగే దారి అది.

ఇప్పుడు ఈ వరసకు సోలార్ కొత్త బలం ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. 3 కిలోవాట్ల ప్లాంటుకు కేంద్ర సబ్సిడీ 78 వేల రూపాయలు. ప్యానెళ్లు మేడ మీదికి ఎక్కించడానికి ఎవరైనా చాలు. డీసీ వైపు, ఏసీ వైపు విడివిడిగా రక్షణ పెట్టి, ఎర్తింగ్ కొలిచి, ఇంటి నుంచి లైనులోకి వెళ్లే కరెంటునూ లెక్కించే నెట్ మీటరుకు దరఖాస్తు పెట్టి, డిస్కం ఏఈ వచ్చినప్పుడు పక్కన నిలబడి జవాబు చెప్పడానికి మాత్రం ఒక మనిషి కావాలి. ఊళ్లల్లో ఆ మనిషి కొరత ఉంది.

మళ్లీ స్లాబ్ దగ్గరికే వద్దాం. ఈమధ్య బాగా పనిచేసే సూపర్‌వైజర్లలో ఒక అలవాటు కనపడుతోంది. ముందురోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే, డ్రాయింగ్ చేత్తో పట్టుకుని గది గదికీ తిరుగుతారు. ఒక్కో ఫ్యాన్ బాక్సు దగ్గరా, ఒక్కో పైపు మలుపు దగ్గరా టేపు పరిచి, అంకెలు కనపడేలా ఫోన్లో ఫోటో తీస్తారు. కటింగ్ ప్లేయర్ జేబులోంచి తీయరు. గోడలకు గాడులు కొట్టాక ఇంకోసారి, ప్లాస్టరింగ్‌కు ముందు మరోసారి. ఇంటాయనకు అప్పుడు ఇదంతా ఫోటోల పిచ్చిలా అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత పడకగదిలో ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకు డ్రిల్లు ఆనించి, "సార్, ఇక్కడ పైపు ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. ఇంటాయన ఆ సూపర్‌వైజర్‌కే ఫోన్ చేస్తాడు. అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, టేపు మీద అంకెతో సహా. పక్క ప్లాటులో పని మొదలైనప్పుడు ఇంటాయన ఇచ్చే నంబరు కూడా అదే.